మనదేశపు అడవి యెలుకలు – వానిని గుర్తించు విధము

ఎలుక యనగానే మనకు తోచునవి రెండే. ఇంటిలో ధాన్యపుబస్తాలను కొఱుకునది యొకటి, పొలములో వరివెన్నులను కోసికొనిపోవునది మఱియొకటి. తక్కినవన్నియు వీనివంటివేయని తలచి, కనబడినదానినెల్ల కఱ్ఱతో మోదుట మనకు వాడుక. కాని మూషికవర్గము మిక్కిలి పెద్దది. లోకమందలి స్తన్యజంతుజాతులలో రమారమి నూటికి నలువది యీ వర్గమునకే చెందును. మనదేశమున నీ వర్గపుజాతులు సుమారు నూఱు గలవు. వీనిలో మన యిండ్లకును పైరులకును కీడుచేయునవి కొలదియే. తక్కినవి అడవులలోను రాతిగుట్టలలోను ఎవరి జోలికిని పోక కాలము గడుపుచున్నవి. అట్టివానిని గుర్తించుట యెట్లు, గుర్తించి వ్రాసి యుంచుటవలన ప్రయోజనమేమి యను రెండు సంగతులను ఈ వ్యాసమున వివరింప బూనితిని.

ముందుగా మూషికవర్గమనగా నేమో తెలిసికొనవలెను. పైదవడను రెండు, క్రిందిదవడను రెండు ఉలివంటి కొఱుకుపండ్లు గలిగియుండుట, కోఱపండ్లు లేకుండుట, కొఱుకుపండ్లకును నములుపండ్లకును నడుమ ఖాళీచోటుండుట, ఇవి దాని లక్షణములు. ఆ కొఱుకుపండ్లు బ్రతికినంతకాలము పెరుగుచునే యుండును. వాని ముందుప్రక్క మాత్రమే గట్టిపూత యుండుటచేత వెనుకభాగము త్వరగా నరిగి, అంచు ఎల్లప్పుడు వాడిగా నుండును. ఈ లక్షణములనుబట్టి చూడగా ఉడుతయు, ఏదుపందియు ఎలుకకు చుట్టములే. కుందేలు మాత్రము కాదు. దానికి పై కొఱుకుపండ్ల వెనుక మఱి రెండు చిన్నపండ్లు గలవు. రాత్రివేళ గోడవెంబడి కీచుమనుచు పోవు దుర్వాసనగల చుంచు సైతము ఈ వర్గములోనిది కాదు. అది పురుగులను తిని బ్రతుకు వేఱొక వర్గపు జంతువు.

ఒక జాతిని మఱియొక జాతినుండి వేఱుపఱచుటకు రంగు చాలదు. ఒకే జాతిలో పిల్లకొక రంగు, పెద్దదానికొక రంగు ఉండవచ్చును. అందుచేత శాస్త్రజ్ఞులు శరీరము, తోక, వెనుకపాదము, చెవి అను నాలుగింటి నిడివిని మొదట కొలుతురు. పిమ్మట తోక శరీరముకంటె పొడవో పొట్టియో, అరికాలిమెత్తలెన్నో, ఆడుదానికి చన్నులెన్నో లెక్కింతురు. ఇంటియెలుక అరికాలికి మెత్తలు ఆఱు. మెత్తనిబొచ్చుగల పొలపుటెలుకకు అంతకంటె తక్కువ. తుదకు పుఱ్ఱెను, నములుపండ్లను పరీక్షింతురు. జంతువు కనబడకున్నను దాని కలుగు కొంత సాక్ష్యమిచ్చును. గరపనేలలలో నివసించు ముండ్లబొచ్చు చిట్టెలుక తన కలుగువాకిట చిన్న గులకరాళ్ళను ప్రోగుచేయును. ఆ రాళ్ళను చూచి, ఇది ఫలానిదాని యిల్లని తెలిసినవారు చెప్పగలరు.

ఇట్టి తెలివి మొదట శాస్త్రజ్ఞులది కాదు. కలుగులను త్రవ్వి యెలుకలను పట్టువారిది. అమరావతి స్తూపమును త్రవ్వించిన వాల్టరు ఎలియట్ దొరగారు అంతకుముందు ధార్వాడ ప్రాంతమున నుద్యోగము చేయుచు అచ్చటి జంతువులను పరిశీలించి 1839వ సంవత్సరమున నొక పట్టికను ప్రకటించిరి. అందులో ఆయా యెలుకలకు వడ్డెరలు పెట్టిన పేరులను గూడ వ్రాసిరి. మీద చెప్పిన మెత్తనిబొచ్చు ఎలుకను వారు ‘మెట్టడె’ యనుచుండిరట. నేటికిని శాస్త్రమున దానికి గల ‘మెల్టడ’ యను పేరు ఆ మాటనుండి పుట్టినదే. మన పందికొక్కు కీర్తి యింకను గొప్పది. ఆంగ్లభాషయందలి ‘బాండికూట్’ అను శబ్దము తెలుగుమాటయే. ఆ పేరు శాస్త్రములోని కెక్కుటయే గాక, ఆస్ట్రేలియాలో పొట్టసంచిగల వేఱొక జంతువునకు సైతము సంక్రమించినది.

తెలుగునేలకు ఈ శాస్త్రముతో మఱియొక సంబంధము గలదు. తోకకొన తెల్లగా నుండు అడవి యెలుకను లండను వస్తుప్రదర్శనశాలకు చెందిన ఓల్డుఫీల్డు థామస్ గారు 1881లో వర్ణించి, దానికి బ్లాన్ఫర్డు అను పండితుని పేరు పెట్టిరి. అందుకు మూలమైన నమూనా దొరకిన చోటు మన కడప సీమయే.

నమూనాను చీటీతోగూడ భద్రపఱచుటవలన నెంత మేలు కలుగునో చూడుడు. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు 1911 మొదలు 1923వఱకు దేశము నలుమూలలకు మనుష్యులను పంపి స్తన్యజంతువుల నమూనాలను సేకరింపజేసిరి. ఆ సందర్భమున సాతారా ప్రాంతపు ఎలుకయొకటి ఇంటియెలుకలోని భేదమని 1918లో హింటన్ గారిచే వర్ణింపబడినది. అది ఇంటియెలుక కాదని, సహ్యాద్రి అడవులకు చెందిన ప్రత్యేకజాతియని, పుఱ్ఱెలను, జన్యుద్రవ్యమును పరీక్షించి 2011లో నిరూపించిరి. తొంబదియేండ్లకు పైగా ఆ జంతువు మఱియొకదాని పేరుతో మనుగడ సాగించినది. చోటును తేదిని వ్రాసిన చీటీ లేని చర్మము వట్టి చర్మమే. చీటీ యున్నచో అది నూఱేండ్లకైనను సాక్ష్యము పలుకును.

కొన్ని జాతుల స్థితి తలచినచో భయము కలుగును. సేలము జిల్లాలోని కురుంబపట్టి వద్ద దొరకి, 1946లో వర్ణింపబడిన ‘ఎల్వీరా’ యెలుక తూర్పుకనుమలలో ఆ ప్రాంతమునకు మాత్రమే చెందినది. పూనా దగ్గఱనున్న సింహగడపు కొండమీద మిశ్రా, ధాండా అను పండితులు కనుగొన్న యెలుకకు, ఆ కోట పూర్వనామమునుబట్టి 1975లో ‘కొండాణా’ యని పేరు పెట్టిరి. అరుణాచలప్రదేశమందలి నామదఫా అడవిలోని ఎగురు ఉడుతను 1981లో సాహాగారు ఒకే యొక నమూనా ఆధారముగా వర్ణించిరి. ఏనుగులకును పులులకును దేశమంతయు నిల్లు. ఇట్టి అల్పజీవికి ఒక్క కొండయే లోకము. ఆ కొండమీది పొదలు నఱికినచో, రాళ్ళు పగులగొట్టినచో, ఒక జాతియే అంతరింపవచ్చును. పేరు లేనిదానికై ఎవ్వరును జాలిపడరు. లెక్కలో లేనిదానిని కాపాడుడని అధికారులను అడుగుట కెవ్వరికిని వీలులేదు. ఇందులకే పేరును, లెక్కయు కావలెను.

ఆదాము జంతువులకు పేరులు పెట్టెనని బైబిలులో చదువుచున్నాము. ఆ పని నేటికిని ముగియలేదు. బాలబాలికలారా, మీరును ఇందులో పాలుగొనవచ్చును. సెలవు లేక జంతువులను పట్టవలదు, చంపవలదు. చచ్చిన యెలుకను చేతితో తాకవలదు. దానివలన చెడ్డజ్వరములు సోకును. కంటితో చూచి కాగితముమీద వ్రాయుటకు ఎవరి సెలవును అక్కఱలేదు. మీ యూరి గట్టులమీదను గుట్టలమీదను కలుగు కనబడినప్పుడు చోటు, తేది, కలుగువాకిలి తీరు, తోకపొడవు, చూచిన వేళ వ్రాసికొనుడు. ముసలి పాలేరులను, గొఱ్ఱెలకాపరులను, ఎలుకలు పట్టుటలో నేర్పరులైన యానాదులను మర్యాదతో అడిగి, వారు వాడు పేరును విన్నది విన్నట్లు వ్రాయుడు. ఆ పేరులు తెలిసిన పెద్దలు నానాటికి తగ్గిపోవుచున్నారు. వారితో ఆ మాటలును పోకమునుపే మీ పుస్తకములలో నెక్కింపుడు.