కిస్తీ తేదీ దాటితే ఏమవుతుంది? ఇంటి లోన్ ఉన్నవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతులు

కొడుకు సౌదీలో ఉంటాడు. ఈ నెల జీతం పది రోజులు లేటయింది. ఇక్కడ ఇంటి లోన్ కిస్తీ 5వ తేదీన కట్ అవ్వాలి, ఖాతాలో డబ్బు లేదు. 8వ తేదీన అమ్మీకి ఫోన్ వచ్చింది: "మీ ఈఎంఐ బౌన్స్ అయింది, ఎప్పుడు కడతారు?" ఆమె ఎవరికీ చెప్పలేదు. చుట్టాలకు తెలిస్తే ఇజ్జత్ పోతుందని భయం. మళ్లీ ఫోన్ మోగితే ఎత్తడం మానేసింది.

మన ఇళ్లలో చాలాచోట్ల జరిగేది ఇదే. అసలు నష్టం కూడా ఇక్కడే మొదలవుతుంది. కిస్తీ ఒక్కసారి తప్పితే సర్దుకోవచ్చు. కానీ బ్యాంకుతో మాట్లాడకుండా రోజులు గడిపేస్తే సర్దుకోవడం కష్టం.

గ్రేస్ పీరియడ్ ఉంటుందా?

అమెరికాలో ఉన్న బంధువులు "15 రోజుల టైం ఉంటుంది కదా" అంటారు. అక్కడ చాలా ఇంటి లోన్లకు 1వ తేదీ కిస్తీని 15వ తేదీ లోపు కడితే లేట్ ఫీజు పడదు. ఆ లెక్క ఇక్కడ పనిచేయదు. మన దగ్గర లోన్ అగ్రిమెంట్‌లో ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప, గడువు తేదీయే చివరి తేదీ. ఆ రోజు రాత్రి బ్యాంకు లెక్కలు మూసే సమయానికి డబ్బు రాకపోతే కిస్తీ బాకీ పడినట్టే.

ఆదివారమో, పండగ సెలవో అడ్డొస్తుందిలే అనుకోకండి. 2021 ఆగస్టు 1 నుంచి ఆటోమేటిక్‌గా కట్ అయ్యే నాచ్ సిస్టమ్ సెలవు రోజుల్లో కూడా పనిచేస్తోంది. ఈద్ రోజు కూడా కిస్తీ కట్ అవుతుంది. అందుకే ముందు రోజుకే ఖాతాలో డబ్బు ఉండాలి.

మూడు నెలలు ఏమీ చేయరన్న మాట

"90 రోజుల దాకా బ్యాంకు ఏమీ చేయలేదు" అని కొందరు సలహా ఇస్తుంటారు. ఇది సగమే నిజం. జూన్ 5న కట్టాల్సిన కిస్తీ కట్టలేదనుకోండి. రిజర్వ్ బ్యాంక్ రూల్స్ ప్రకారం లెక్క ఇలా సాగుతుంది:

• జూన్ 5 నుంచే ఖాతా ఎస్ఎంఏ-0. అంటే బ్యాంకు కన్ను పడినట్టు.
• జూలై 5కి 30 రోజులు నిండితే ఎస్ఎంఏ-1.
• ఆగస్టు 4కి 60 రోజులు నిండితే ఎస్ఎంఏ-2.
• సెప్టెంబర్ 3కి 90 రోజులు నిండితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ.

ఈ మూడు నెలలూ గ్రేస్ కాదు. లేటు కట్టిన సంగతి సిబిల్ లాంటి సంస్థలకు చేరుతుంది, స్కోరు దెబ్బతింటుంది. ఎన్‌పీఏ అయ్యాక ఒక్క కిస్తీ కడితే సరిపోదు. బాకీ పడిన అసలు, వడ్డీ మొత్తం కట్టేస్తేనే ఖాతా మళ్లీ మామూలు అవుతుంది.

ఖర్చులు ఎక్కడ పడతాయి?

కిస్తీ బౌన్స్ అయితే లోన్ ఇచ్చిన సంస్థే కాదు, మీ సేవింగ్స్ ఖాతా ఉన్న బ్యాంకు కూడా చార్జీ వేయొచ్చు. లేటుకు పెనాల్టీ వేరు. అయితే 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన ఆదేశం ప్రకారం ఆ పెనాల్టీని వడ్డీ రేటులో కలపకూడదు, దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదు. స్టేట్‌మెంట్‌లో అలా కనిపిస్తే అడిగే హక్కు మీకుంది.

ఫోన్ వస్తే ఏం చేయాలి?

బాకీ అడగడానికి ఫోన్ చేయడం తప్పు కాదు. దానికీ హద్దులున్నాయి. రికవరీ కోసం ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. తిట్టడం, బెదిరించడం, నలుగురిలో పరువు తీయడం, బంధువులను, స్నేహితులను వేధించడం నిషేధం. ఇంటికొచ్చే ఏజెంట్ దగ్గర ఐడీ కార్డు, బ్యాంకు ఇచ్చిన లెటర్ ఉండాలి. చూపించమనండి.

ఫోన్ ఎత్తండి. పేరు, ఏ సంస్థ తరఫున, ఎంత బాకీ అని అడిగి రాసుకోండి. ఏ తేదీకి కట్టగలరో నిజం చెప్పండి. కుదరని తేదీ చెప్పి తప్పించుకుంటే తర్వాత మీ మాటకు విలువ ఉండదు. ఓటీపీ చెప్పకండి, వాళ్లు పంపిన లింక్ నొక్కకండి, ఏజెంట్ సొంత నంబర్‌కు డబ్బు పంపకండి. బ్రాంచ్‌లోనో, బ్యాంకు యాప్‌లోనో నేరుగా లోన్ ఖాతాకే కట్టి రసీదు దాచుకోండి.

వేధింపులు ఆగకపోతే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా కంప్లయింట్ ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంక్ ఓంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. వివరాలకు టోల్ ఫ్రీ నంబర్ 14448.

ఇల్లు వెంటనే పోతుందా?

పోదు. ఎన్‌పీఏ అయ్యాక సర్ఫేసీ చట్టం కింద ముందు 60 రోజుల నోటీసు ఇవ్వాలి. దానికి మీరు అభ్యంతరం రాసి ఇస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబు చెప్పాలి. ఆ తర్వాత ఇంటి స్వాధీనానికి దిగితే, 45 రోజుల్లోగా డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. హైదరాబాద్‌లో, విశాఖపట్నంలో ఇవి ఉన్నాయి. నోటీసు కవరు విప్పకుండా బీరువాలో పెడితే మాత్రం ఈ గడువులన్నీ చేజారిపోతాయి.

ముందే చేయాల్సింది

జీతం ఎప్పుడూ 10వ తేదీ తర్వాతే వస్తుంటే, కిస్తీ తేదీ మార్చమని బ్యాంకును అడగండి. వీలైతే ఒక కిస్తీ డబ్బు ఖాతాలో ఎప్పుడూ ఉంచండి. ఉద్యోగం పోయినా, జబ్బు చేసినా కిస్తీ తప్పకముందే బ్రాంచ్‌కు వెళ్లి, గడువు పెంచి కిస్తీ తగ్గించమని లెటర్ ఇవ్వండి. ఒప్పుకోవాలన్న రూలు లేదు. కానీ ముందే వచ్చి అడిగినవాళ్ల మాట వినే అవకాశం ఎక్కువ.

అన్నింటికంటే ముఖ్యం, ఇంట్లో చెప్పండి. 8వ తేదీనే ఆ అమ్మీ కొడుక్కి ఒక్క మెసేజ్ పెట్టి ఉంటే, స్నేహితుడి దగ్గర చేబదులు తీసుకునైనా ఆ వారంలోనే పంపేవాడేమో. కిస్తీ లేటవడం ఇజ్జత్ పోయే విషయం కాదు.