గోడమీద టీవీ, బల్లకింద సీపీయూ, పెరట్లో ఎర్తు గుంత

2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామం పేరు రాష్ట్రమంతా వినిపించింది. సఖినేటిపల్లి మండలంలో జీడిపప్పుకు పేరున్న ఊరది. ఏపీ ఫైబర్ గ్రిడ్ మొదటగా ఇంటింటికీ చేరింది అక్కడికే. కరెంటు స్తంభాల మీదుగా వచ్చిన సన్నని గాజు తీగ ఇంటర్నెట్టు, టీవీ చానళ్లు, ఫోను మూడింటినీ ఇళ్లలోకి తెచ్చింది. ఆ తర్వాత డెల్టా ఊళ్లలో ఫైబరు కొత్త సంగతి కాకుండా పోయింది. ఇటు 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 శాతం అయింది. గాజు తీగ వచ్చింది, పెద్ద తెర వచ్చింది. ఈ రెంటి మధ్య సొంతంగా బిగించుకున్న ఒక కంప్యూటరు ఉంటే ఆ ఇంటికి కలిగే లాభం చాలామంది ఊహించిన దానికంటే ఎక్కువ.

స్మార్ట్ టీవీ ఉండగా కంప్యూటరు ఎందుకన్న ప్రశ్న సహజమే. టీవీలో ఉండే ప్రాసెసరు సినిమా చూపించడానికి సరిపోయేటంతే ఉంటుంది. నాలుగేళ్లు గడిస్తే దాని యాప్‌లకు కొత్త అప్‌డేట్లు రావడం మందగిస్తుంది, తెర మాత్రం పదేళ్లు నిక్షేపంగా ఉంటుంది. మరో కారణం మన కళ్లలోనే ఉంది. నలభై దాటాక కంటి కటకం సాగే గుణం తగ్గి చత్వారం వస్తుంది. ఫోనును 30 సెంటీమీటర్ల దూరంలో చదవాలంటే కన్ను దాదాపు 3.3 డయాప్టర్ల మేర సర్దుకోవాలి. రెండు మీటర్ల దూరంలోని టీవీకి అర డయాప్టరు చాలు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు ఇవాళ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిని 55 అంగుళాల తెర మీద అక్షరాలు పెద్దవి చేసుకుని, దగ్గరిచూపు అద్దాలు లేకుండా చదువుకోగలిగిన తాతగారిని చూస్తే ఈ ఖర్చు వృథా అనిపించదు.

కంప్యూటరు బిగించడం కష్టమేమీ కాదు. ఇంటర్ చదివే పిల్లలు ఒక పూటలో బిగించేస్తారు. క్యాబినెట్, మదర్‌బోర్డు, ప్రాసెసరు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, వీటికి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ అన్నీ రాజమండ్రి, కాకినాడ, భీమవరం షాపుల్లో దొరికేవే. దొరకనిది సికింద్రాబాద్‌లో సీటీసీ అనే కంప్యూటర్ల బజారు నుంచి తెప్పించుకోవచ్చు. కొనేటప్పుడు ప్రాసెసరు పేరు చివరి అక్షరం మాత్రం చూడాలి. 2021లో వచ్చిన ఏఎండీ ర్యాజెన్ 5 5600జీలో బొమ్మ గీసే భాగం లోపలే ఉంటుంది. ‘జీ’ లేని 5600లో ఉండదు. ఇంటెల్ వాటిలో చివర ‘ఎఫ్’ ఉంటే గ్రాఫిక్స్ లేనట్టే. అలాంటిది కొంటే మదర్‌బోర్డు మీద టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ రంధ్రం ఉన్నా దాంట్లోంచి బొమ్మ రాదు, వేరే గ్రాఫిక్స్ కార్డు కొనాల్సిందే. లోపలి గ్రాఫిక్స్ ర్యామ్‌నే వాడుకుంటుంది గనుక 16 జీబీ ఒకే ముక్కగా కాక 8 జీబీవి రెండు పెడితే రెండు దారుల్లో సమాచారం నడిచి బొమ్మ చురుగ్గా కదులుతుంది. ఇక స్టాటిక్ కరెంటు భయం. ఉత్తరాది చలికాలపు పొడిగాలిలో అది నిజమైన ముప్పే. మన తేమగాలిలో ఒంటి మీద అంత విద్యుత్తు నిలవదు. పని మొదలుపెట్టే ముందు ఏదైనా పెద్ద ఇనప వస్తువును ముట్టుకుంటే సరి.

అసలు చిక్కు కంప్యూటరును టీవీకి కలిపినప్పుడు మొదలవుతుంది. అది కూడా ప్రాసెసరుతోనో ర్యామ్‌తోనో కాదు, ఎర్తుతో.

భీమవరం దగ్గర ఒక ఇంట్లో కొత్తగా బిగించిన కంప్యూటరు ఉంది. “ముట్టుకుంటే జిల్లుమంటందండి” అన్నారు ఇంటావిడ. క్యాబినెట్ వెనక స్క్రూ మీద టెస్టర్ పెడితే లోపలి నియాన్ దీపం ఎర్రగా వెలిగింది. ప్లగ్గుకు మూడు పిన్నులున్నాయి, గోడకు మూడు రంధ్రాల సాకెట్టూ ఉంది. మెయిన్ కట్టేసి సాకెట్టు విప్పి చూస్తే ఎర్తు ఉండాల్సిన పై రంధ్రం వెనక వైరే లేదు.

దీపం వెలగడానికి కారణం ఎస్ఎంపీఎస్ చెడిపోవడం కాదు. ఎస్ఎంపీఎస్ కరెంటును సెకనుకు వేలసార్లు తెంపి కలుపుతూ పనిచేస్తుంది. ఆ అలజడి ఇంటి వైరింగులోకి తిరిగి పోకుండా ఫేజు నుంచి ఒక చిన్న కెపాసిటరును, న్యూట్రల్ నుంచి మరొకదాన్ని క్యాబినెట్ లోహానికి కలుపుతారు. ఆ లోహం ఎర్తుకు కలిసి ఉంటుందన్న నమ్మకంతో చేసే ఏర్పాటు ఇది. ఎర్తు లేని ఇంట్లో రెండు కెపాసిటర్ల నడుమ చిక్కిన లోహం 230 వోల్టుల్లో సగం, అంటే 115 వోల్టుల దగ్గర నిలుస్తుంది. వాటి గుండా పారగలిగే కరెంటు మిల్లీ ఆంపియరు కన్నా తక్కువే గనుక మనిషికి జిల్లుమనడంతో సరిపోతుంది. హెచ్‌డీఎంఐ చిప్పు సంగతి వేరు. అది మూడు నాలుగు వోల్టుల మీద బతికేది. ఇటువైపు ఎర్తు లేని కంప్యూటరు, అటువైపు రెండు పిన్నుల టీవీ, రెండూ ఆన్‌లో ఉండగా కేబుల్ గుచ్చితే ఒక్క క్షణం చిన్న మెరుపు కనిపిస్తుంది. మామూలుగా పైనున్న లోహపు తొడుగే ముందు తగులుతుంది, వోల్టేజీ తేడా దాని మీదుగా సర్దుకుంటుంది. వంకరగా గుచ్చి 19 పిన్నుల్లో ఏదో ఒకటి ముందు తగిలితే ఆ విద్యుత్తు చిప్పులోంచి పోతుంది. బాగున్న టీవీలో ఒక హెచ్‌డీఎంఐ పోర్టు మాత్రమే పనిచేయకపోవడానికి ఇదొక కారణం.

పిడుగులు ఇంకో దారిలో వస్తాయి. కేబుల్ టీవీ తీగ స్తంభాల మీదుగా చాలా దూరం ఆరుబయట సాగి వస్తుంది. దానికి పైన అల్లిన లోహపు జాలీ ఉంటుంది. చుట్టుపక్కల ఎక్కడ పిడుగు పడినా ఆ జాలీలో వేల వోల్టులు పుట్టగలవు, తీగ మీదే పడనక్కర్లేదు. ఆ పోటు సెట్‌టాప్ బాక్సులోకి, అక్కడినుంచి హెచ్‌డీఎంఐ గుండా టీవీలోకి, మరో హెచ్‌డీఎంఐ గుండా కంప్యూటరులోకి వచ్చి, కంప్యూటరుకున్న ఎర్తు వైరు గుండా భూమిలోకి దిగుతుంది. అంటే కంప్యూటరుకు ఎర్తు ఇచ్చి ఊరుకుంటే హెచ్‌డీఎంఐ కేబులే పిడుగుకు దారి అవుతుంది. అందుకే కేబుల్ తీగ ఇంట్లోకి వచ్చే చోటే దాని జాలీని ఇంటి ఎర్తుకు కలపాలి. డిష్ గొడుగుకూ ఇదే వర్తిస్తుంది. ఉరుములు మొదలవగానే తీగను సెట్‌టాప్ నుంచి లాగేయడం అన్నిటికన్నా ఖాయమైన రక్షణ. ఇంటర్నెట్టు తెచ్చే లాన్ కేబుల్‌కు రెండు కొసల్లోనూ చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉండి కొంత అడ్డుకుంటాయి, హెచ్‌డీఎంఐకి ఆ రక్షణ లేదు.

గాజు తీగ గొప్పతనం ఇక్కడ తెలుస్తుంది. గాజులోంచి వెలుగే పోతుంది, కరెంటు పోదు. కొన్ని ఫైబరు తీగల్లో బలం కోసం సన్నని ఉక్కు తీగ ఉంటుంది. దాన్ని బయటి కొక్కేనికే కట్టి, ఇంట్లోకి రాకుండా కత్తిరించాలి. అలా చేసిన ఇంట్లో టీవీ చానళ్లు కూడా ఫైబరు మీదే వస్తుంటే, బయటినుంచి పిడుగు పోటు రావడానికి కరెంటు లైను ఒక్కటే మిగులుతుంది.

ఎర్తు వేయించుకోవడానికి గోదావరి డెల్టా కన్నా మంచి నేల అరుదు. రాతినేలల్లో మట్టి నిరోధం వేల ఓం-మీటర్లు ఉండొచ్చు. తడి బంకమట్టిలో అది పది, ఇరవై దగ్గరే ఉంటుంది. మనకు కొద్ది అడుగుల్లోనే నీళ్లు తగులుతాయి. ఇంత అనువైన నేల మీద ఉండి కూడా ఎర్తు లేని ఇళ్లు ఇన్ని ఉండడం నిజంగా బాధ కలిగిస్తుంది. కంప్యూటరుకు పెట్టే ఖర్చులో చిన్న వాటా తీసి ముందు పెరట్లో గుంత తీయించాలి. సముద్రం దాపున ఉప్పునేలల్లో, గుంతలో దించే జీఐ పైపు మీది జింకు పూత త్వరగా పోయి తుప్పు పడుతుంది గనుక అక్కడ రాగి పూత ఉన్న కడ్డీ మేలు. గుంత పూర్తయ్యాక మల్టీమీటరుతో ఫేజుకూ ఎర్తుకూ మధ్య చూస్తే ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఉన్నంత వోల్టేజీ కనిపించాలి. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. కొందరు ఎలక్ట్రీషియన్లు గుంత తీయకుండా సాకెట్టులోనే న్యూట్రల్‌ను ఎర్తు పిన్నుకు కలిపేస్తారు. ఇది ప్రాణాంతకం. న్యూట్రల్ ఎక్కడైనా తెగిందంటే క్యాబినెట్ మొత్తం 230 వోల్టులతో నిలబడుతుంది. కరెంటు లీకైతే వెంటనే కట్టేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా మెయిన్ బోర్డులో ఉండి తీరాలి.

వోల్టేజీ హెచ్చుతగ్గులకు అంత కంగారు అక్కర్లేదు. చేపల, రొయ్యల చెరువుల మధ్య ఊళ్లలో ఏరియేటర్ల మోటార్లు ఆన్ అయ్యేటప్పుడు నడుస్తున్నప్పటికన్నా ఐదారు రెట్ల కరెంటు లాగుతాయి, ఆ ఫీడరు మీది దీపాలు కాసేపు మందగిస్తాయి. ఎస్ఎంపీఎస్ మీద 100–240 వోల్టులు అని రాసి ఉంటే అది తట్టుకుంటుంది, స్టెబిలైజరు కొనక్కర్లేదు. కోనసీమలో గాలి తిరిగినప్పుడు కొబ్బరి మట్ట తీగల మీద పడి కరెంటు క్షణంపాటు పోయి వస్తుంటుంది. దీంతోనే చిక్కు. ఎస్ఎంపీఎస్ తనలో దాచుకున్న శక్తితో సుమారు 16 మిల్లీ సెకన్లు నెట్టుకురాగలదు. ఇంటి ఇన్వర్టరు మామూలు పద్ధతిలో మారడానికి అంతకన్నా ఎక్కువ సమయం తీసుకుంటుంది. చాలా ఇన్వర్టర్లకు వెనక యూపీఎస్ అనే మీట ఉంటుంది, అటు తిప్పితే త్వరగా మారుతుంది. ప్యూర్ సైన్‌వేవ్ ఇన్వర్టరు అయితే ఇంకా మంచిది, స్క్వేర్‌వేవ్ వాటితో నేటి ఎస్ఎంపీఎస్‌లు కొన్ని పేచీ పెడతాయి.

ఇక బొమ్మ సంగతి. 4కే తెరలో 3840 నిలువు వరసలు, 2160 అడ్డ వరసలు కలిపి 82,94,400 చుక్కలు. ఒక్కో చుక్కకు 24 బిట్లు, సెకనుకు 60 బొమ్మలు. సంకేతాల భద్రత కోసం కలిపే అదనపు బిట్లు, వరసలకూ బొమ్మలకూ మధ్య వదిలే ఖాళీ సమయం కూడా కలిపితే ఇది సెకనుకు 17.8 గిగాబిట్లు అవుతుంది. హెచ్‌డీఎంఐ 2.0 మోయగలిగింది 18. పాత 1.4 మోయగలిగింది 10.2 మాత్రమే, అందుకే దాంట్లో 4కే సెకనుకు 30 బొమ్మల దగ్గర ఆగిపోయి మౌసు బాణం తడబడుతుంది. మదర్‌బోర్డు పోర్టు, కేబుల్, టీవీ పోర్టు మూడూ 2.0 అయి ఉండాలి. టీవీకి మూడు పోర్టులుంటే అన్నీ ఒకేలా ఉంటాయన్న హామీ లేదు, మాన్యువల్‌లో చూసుకోవాలి.

అన్నీ సరిగ్గా ఉన్నా తెలుగు అక్షరాలు మసకగా కనిపించి చాలామంది నిరాశపడుతుంటారు. ఎర్రటి ‘స్త్రీ’ని నీలం రంగు మీద పెట్టి తెరకు బాగా దగ్గరగా వెళ్లి చూడండి. త వత్తు, ర వత్తు ఒకదాని కింద ఒకటి ఇరుక్కుని ఉంటాయి, మధ్యలో ఖాళీ ఒకటి రెండు చుక్కలే. పిల్లలు బొమ్మకు గీత దాటి రంగు వేసినట్టు ఆ ఖాళీలోకి ఎరుపు ఒలికి కనిపిస్తుంది. దీనికి మూలం కలర్ టీవీ పుట్టిన 1950ల నాటి ఆలోచన. మన కన్ను వెలుగు తేడాలను పట్టినంత సూక్ష్మంగా రంగు తేడాలను పట్టదు. అందుకని చుక్కచుక్కకూ వెలుగు విడిగా పంపి, రంగును మాత్రం రెండు లేదా నాలుగు చుక్కలకు ఉమ్మడిగా పంపుతారు. సినిమాలో ఈ పొదుపు తెలియదు, రంగు అక్షరాల్లో వెంటనే బయటపడుతుంది. మన వత్తులూ గుడులూ ఇంగ్లిషు అక్షరాల కన్నా చిన్నవీ చిక్కనివీ కావడంతో నష్టం మనకే ఎక్కువ. మందు టీవీలోనే ఉంది. సెట్టింగుల్లో ఆ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ పేరును ‘పీసీ’గా మారిస్తే చాలా టీవీలు ప్రతి చుక్కకూ దాని రంగు దానికే ఇస్తాయి. కొన్నిటిలో అది గ్రాఫిక్స్ మోడ్ పేరుతో ఉంటుంది.

తెర అంచుల్లో టాస్క్‌బార్ తెగిపోతుంటే ఓవర్‌స్కాన్ అన్నమాట. గాజు బుడ్డి టీవీల కాలంలో వంకర అంచులు కనిపించకుండా బొమ్మను కొంచెం పెద్దది చేసేవారు, ఆ అలవాటు ఇంకా పోలేదు. ‘జస్ట్ స్కాన్’, ‘స్క్రీన్ ఫిట్’ వంటి పేర్లతో ఉన్నది ఎంచుకోవాలి. నలుపు బూడిద రంగులోకి మారిందంటే కంప్యూటరు 16–235 మధ్య విలువలు పంపుతుండగా టీవీ 0–255 అనుకుంటోందని అర్థం. రెండూ ఒకటి చేయాలి.

55 అంగుళాల 4కే తెరలో ఒక్కో చుక్క 0.32 మిల్లీమీటర్లు. మంచి చూపున్న కన్ను ఆ చుక్కను విడిగా పట్టగలిగేది సుమారు 1.1 మీటర్ల వరకే. ఫుల్ హెచ్‌డీలో చుక్క రెట్టింపు, దూరం 2.2 మీటర్లు. పది అడుగుల దూరంలో సోఫా వేసుకున్న హాల్లో 4కేకూ ఫుల్ హెచ్‌డీకీ పదునులో తేడా ఎవరికీ కనిపించదు. బల్ల దగ్గర కూర్చుని పని చేసేవారికి 43 అంగుళాల 4కే నా దృష్టిలో అన్నిటికన్నా సరైన ఎంపిక. స్కాన్ చేసిన పుస్తకపు పేజీ మొత్తం ఒకేసారి నిలువునా, స్పష్టంగా పడుతుంది.

చివరిగా గాలి. తణుకు, మండపేట వంటి రైసుమిల్లుల ఊళ్లలో ఊక బూడిద నల్లగా మేడల మీద రాలుతుంటుంది. అందులో అధిక భాగం సిలికా, ఫ్యాన్ల బేరింగులను అరగదీస్తుంది. క్యాబినెట్ ముందు జాలీ ఉండాలి, దాన్ని నెలకోసారి కడగాలి. వెనక ఖాళీ రంధ్రాలు మూయకపోతే బల్లి దూరి ఎస్ఎంపీఎస్‌లో చస్తుంది, బల్లీ పోతుంది, ఎస్ఎంపీఎస్సూ పోతుంది. నరసాపురం, అంతర్వేది వైపు సముద్రపు గాలిలో ఉప్పు రేణువులు బోర్డు మీద చేరతాయి. ఉప్పు పొడిగా ఉన్నంతసేపు పెద్దగా హాని లేదు. గాలిలో తేమ 75 శాతం దాటితే అది నీరు పీల్చుకుని కరిగి రాగి గీతలను తినడం మొదలుపెడుతుంది. 30 డిగ్రీల దగ్గర 90 శాతం తేమ ఉన్న గాలి క్యాబినెట్‌లో 40 డిగ్రీలకు వేడెక్కితే తేమ 52 శాతానికి దిగుతుంది. కాబట్టి వానాకాలంలో కంప్యూటరును వారాల తరబడి కప్పి ఉంచకూడదు, రోజూ గంటో రెండు గంటలో నడపాలి.