బోల్టు పట్టినంత మాత్రాన బలం సరిపోదు
గ్యాస్ బావి మూతి వద్ద ఏ నిబంధన చెల్లుతుంది?

ఖానాపురం హవేలి: ఖానాపురం హవేలి మొదలు భద్రాచలం అడవుల అంచు దాకా బొగ్గు గని అంటే తెలియనివారు ఉండరు. గ్యాస్ బావి కూడా చట్టం దృష్టిలో గనే అన్న సంగతి మాత్రం చాలామందికి కొత్త. 1952 నాటి గనుల చట్టమే ఖనిజాల్లో సహజవాయువునూ చేర్చింది. కొత్తగూడెం బొగ్గు గనులను తనిఖీ చేసే గనుల భద్రతా డైరెక్టరేటే గోదావరి దిగువన కోనసీమ గ్యాస్ బావులనూ తనిఖీ చేస్తుంది.

ఆ బావుల దగ్గర ఇంజనీర్లను తికమక పెట్టే ప్రశ్న ఒకటుంది. బావి మూతి నుంచి బయలుదేరే పైపుకు ఏ నిబంధనల పుస్తకం వర్తిస్తుంది?

మూతి మీద వరసగా బిగించిన వాల్వుల కట్టును సిబ్బంది క్రిస్మస్ ట్రీ అంటారు. దానికి ఏపీఐ 6ఏ ప్రమాణం ఉంది. ఊళ్లు దాటి దూరం పోయే గ్యాస్ లైనుకు ఏఎస్ఎంఈ వారి బి31.8 ఉంది. చిక్కంతా ఈ రెంటికీ నడుమనే. బావి నుంచి సెపరేటర్ దాకా, అంటే గ్యాస్ నుంచి నీటినీ నూనెనూ విడదీసే పాత్ర దాకా వచ్చే పైపు తన పరిధిలోనిది కాదని బి31.8 తానే చెబుతుంది. ఆ ముక్కకు సాధారణంగా కర్మాగారాల పైపులకు ఉద్దేశించిన బి31.3ను పాటిస్తారు.

పుస్తకం మారితే ఏమవుతుందో ఫ్లాంజి దగ్గర తెలుస్తుంది. ఏపీఐ 5,000 ఫ్లాంజికి, ఏఎస్ఎంఈ 1500 తరగతి ఫ్లాంజికి చాలా సైజుల్లో బోల్టు రంధ్రాలు కలుస్తాయి. ఫిట్టరు బిగిస్తే చక్కగా బిగుస్తుంది కూడా. కాని మొదటిది చదరపు అంగుళానికి 5,000 పౌండ్ల ఒత్తిడికి తట్టుకుంటుంది. రెండోది మామూలు కార్బన్ ఉక్కుదైతే, మామూలు వేడిమిలో 3,705 పౌండ్లకే. గ్యాస్ పారుతున్నంత సేపు ఒత్తిడి తక్కువగానే ఉండవచ్చు. ముందున్న వాల్వు మూస్తే మాత్రం బావి ఒత్తిడంతా ఆ అతుకు మీదికే వస్తుంది. అందుకే ఏ వాల్వు దగ్గర ఒక ప్రమాణం ముగిసి మరొకటి మొదలవుతుందో నక్షాలోనే రాసి ఉండాలి. నోటిమాట మీద వదిలే పని కాదిది.

పైపులో పారేది ఏమిటన్నది కూడా ఈ లెక్కలో భాగమే. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ లైను పగిలి, 20 మందికి పైగా అగ్నికి ఆహుతయ్యారు. పొడి గ్యాస్‌కు ఉద్దేశించిన లైనులో తడి గ్యాస్ పంపినందున పైపు లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది. అది బావి మూతి కాదు, దూరపు లైనే. అయితే బావి దగ్గరే విడిపోవలసిన నీరు వెంట వస్తే ముందున్న ఉక్కుకు ఏ గతి పడుతుందో అక్కడ కనిపించింది.

ఇక ఇళ్ల లెక్క. బి31.8 ప్రకారం లైనుకు ఇరుపక్కలా సుమారు 200 మీటర్ల లోపు, 1.6 కిలోమీటర్ల పొడవున ఎన్ని ఇళ్లున్నాయో చూస్తారు. పదిలోపైతే ఉక్కు బలంలో 72 శాతం దాకా వాడుకోవచ్చు. 46 దాటితే 50 శాతమే. అంటే మందమైన పైపు వేయాలి, లేదా ఒత్తిడి తగ్గించాలి. కొబ్బరితోటల మధ్య ఇంటికి ఇల్లు ఆనుకున్న కోనసీమలో ఈ లెక్క ఒకసారి కట్టి ఊరుకునేది కాదు. కొత్త ఇళ్లు లేచినప్పుడల్లా మళ్లీ కట్టవలసిందే.