మరచిన మనోరథము, కొలిచిన సంకల్పము



సుందరకాండను పారాయణ చేయు గృహములు మన ప్రాంతమున లెక్కకు మించి యున్నవి. దానికి ముందున్న కిష్కింధాకాండలోని చివరి సర్గలను శ్రద్ధతో చదువువారు మాత్రము తక్కువ. హనుమంతుడు సముద్రమును దాటిన కథ పసిబిడ్డకును తెలియును. దాటుటకు ముందు ఆ యొడ్డున జరిగిన సంభాషణ అంతగా తెలియదు. నేటి మన విషయమునకు ఆ సంభాషణయే ఆధారము. మనలో అనేకులు ఒకప్పుడొక కోరికను గుండెలో దాచుకొని, సంసారపు బరువులో దానిని ఎక్కడనో జారవిడిచినవారమే. దానిని మరల వెదకి తీయుట ఎట్లు, తీసిన పిమ్మట సాధ్యమగు లక్ష్యముగా మార్చుకొనుట ఎట్లు అనునది విచారింతము.

వానరులు దక్షిణ సముద్రతీరమున నిలిచిరి. ఎదుట నూరు యోజనముల జలము. దీనిని దాటి మనలను గట్టెక్కించువాడెవడని అంగదుడు మొదట అడిగెను. ఒక్కరును పలుకలేదు. అప్పుడాతడు ప్రశ్నను మార్చి, ఎవరెవరు ఎంతెంత దూరము దుమకగలరో చెప్పుడనెను. వెంటనే నోళ్లు విడివడినవి. గజుడు పది యోజనములనెను, గవాక్షుడు ఇరువది యనెను. ఇట్లు పది పది పెరుగుచు పోగా సుషేణుడు ఎనుబది యనెను. యౌవనమున త్రివిక్రమునకే ప్రదక్షిణము చేసిన జాంబవంతుడు, వృద్ధుడనైతిని, ఇప్పుడు తొంబదికి మించి పోలేనని దాపరికము లేక చెప్పెను. అంగదుడు నూరును దాటగలననెను గాని, తిరిగి వచ్చుటకు శక్తి మిగులునో లేదో నిశ్చయముగా చెప్పలేకపోయెను.

ఈ ఘట్టమును మేము ఎన్నిమారులు చదివినను ఒక్క విషయము దగ్గర ఆగిపోవుచుందుము. పది యోజనములని చెప్పిన గజుని ఎవరును నవ్వలేదు. మన యిండ్లలో అట్లు జరుగునా? నలుబది యేండ్ల గృహిణి వీణ నేర్చుకొందుననినచో, కచేరీలు చేయుదువా యని ఇంటిల్లపాదియు నవ్వుదురు. నూరు యోజనములు దుమకలేనివాడు పది యోజనముల మాట యెత్తరాదని మనమే ఒక నియమము కల్పించుకొని, చిన్న కోరికలనన్నింటిని పొడుగు చాలలేదని చంపుచున్నాము.

ఈ లెక్కలన్నియు ముగియువరకు హనుమంతుడు ఏమి చేయుచుండెను? ఒంటరిగా ఒక మూల మౌనముగా కూర్చుండెను. బాల్యమున ఆతని అల్లరి సహింపలేక ఋషులు శపించిరనియు, ఎవరైన గుర్తు చేయువరకు తన బలము తనకు తెలియకుండుటయే ఆ శాపమనియు ఉత్తరకాండలో కలదు. ఇది వింత శాపము. బలమును తీసివేయలేదు, దాని జ్ఞాపకమును మాత్రము తీసివేసినది. మనకు ఇట్టి శాపమిచ్చుటకు ఋషులు రానక్కరలేదు. "ఈ వయసులోనా?", "ఆడపిల్లకెందుకు?", "దానివలన నాలుగు రాళ్లు వచ్చునా?" అను మూడు మాటలు ఇంటనే దొరకును. చెప్పువారు చెడ్డవారు కారు. తమ చిన్ననాట తాము విన్నదానినే చెప్పుదురు.

జాంబవంతుడు ఆతని యొద్దకు వెళ్లి క్రొత్త బలమేమియు ఇయ్యలేదు, ధైర్యము చెప్పి వీపు తట్టి ఊరకుండలేదు. పుట్టుక చెప్పెను; ఉదయ సూర్యుని పండనుకొని ఎగిరిన శైశవము చెప్పెను. మరచిన మనోరథమును వెదకువారు పోవలసిన చోటు అదియే. పది పండ్రెండేండ్ల వయసున ఆకలిని మరచి ఏ పని చేసితిమి? ఎవరును కొట్టకుండ, బెదిరింపకుండ దేనియందు గంటలు గడిపితిమి? చూరులోని ట్రంకుపెట్టెలో ఏ పుస్తకము, ఏ గజ్జెలు, ఏ బొమ్మల కాగితములు ఇంకను పారవేయక ఉంచితిమి? అక్కకో, బాల్యమిత్రునకో మనకంటె బాగుగ జ్ఞాపకముండును. వారిని అడుగుటలో సిగ్గు లేదు. ఇంకొక గుర్తు కూడ కలదు. ఇతరుల కారు, మేడ చూచి కలుగు అసూయ రెండు దినములలో పోవును. కాని ఎవరో తన యాబదియవ యేట పట్టా పుచ్చుకొనెనని విన్నప్పుడు లోపల కలుక్కుమని, ఆ నొప్పి ఏండ్ల తరబడి పోనిచో, అది మన సొంత కోరిక పూడ్చబడిన స్థలమని తెలియవలెను.

ఇక్కడ జాగ్రత్త యొకటి అవసరము. బయటపడిన ప్రతి కోరికయు మనది కాదు. ఎదురింటివారి పిల్లవాడు అమెరికా వెళ్లెను గనుక మనకు పుట్టిన కోరిక అరువు కోరిక. దానిని పరీక్షించుటకు మేము చెప్పు ప్రశ్న ఇది: ఈ పని నెరవేరినట్లు లోకమున ఒక్కరికిని తెలియకపోయినను నాకు కావలెనా? అవునని మనసు చెప్పినచో అది సొంతము. మరియు తమ కోరికను తాము తీర్చుకొనక బిడ్డ నెత్తిన పెట్టు తల్లిదండ్రులను చూచుచున్నాము. తండ్రి చదువలేకపోయిన వైద్యవిద్యను, వాంతి వచ్చునంత అయిష్టముతో కొడుకు చదువుచుండును. ఇది రెండు జీవితముల నష్టము.

కోరికలను విడువుమని శాస్త్రములు ఘోషించుచుండగా మీరు వానిని త్రవ్వి తీయుమనుచున్నారేమని కొందరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. పురుషార్థములు నాలుగింటిలో కామమును ఒకటిగా చేర్చినవి ఆ శాస్త్రములే. ధర్మమునకు విరుద్ధము గాని కామము తానేయని గీతాచార్యుడు ఏడవ అధ్యాయమున చెప్పియున్నాడు. విడిచిన కోరిక వేరు, అణచిన కోరిక వేరు. విడిచినవాడు ప్రశాంతముగ నుండును. అణచినవాడు సాయంకాలము ఇంటికి వచ్చి పిల్లలమీద విసుగుకొనును. ఈ చర్చను ఇంతటితో విడుతము.

కోరిక దొరకినది. దానిని లక్ష్యముగా మార్చు విద్య మన పూజగదిలోనే యున్నది, దానిపేరు సంకల్పము. వ్రతమునకు కూర్చున్నప్పుడు పురోహితుడు మనచేత ఏమేమి చెప్పించును? కల్పము, మన్వంతరము, యుగము మొదలుకొని సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము, నక్షత్రము వరకు దిగును. అంత మహాకాలము మన గురువారము ఉదయమునకు వచ్చి నిలుచును. స్థలమును అట్లే, ద్వీపము నుండి ఖండమునకు, అచటి నుండి శ్రీశైలమునకు ఏ దిక్కున నున్నామో, ఏ నదుల నడుమ నున్నామో, సొంత యింటనా అద్దె యింటనా అనువరకు చెప్పింతురు. అమెరికాలోని తెలుగువారి యిండ్లలో అచటి నదుల పేర్లు చెప్పించుటయు కలదు. పిదప గోత్రము, పేరు. ఆ తరువాత ఏ ఫలము కోరి, ఏ కర్మను చేయబోవుచున్నామో స్పష్టముగ పలికి ఉద్ధరిణెతో నీరు విడుతుము. భగవంతునకు మన చిరునామా తెలియదా? తెలియును. చెప్పువానికే అది తెలియవలసియున్నది. "ఎప్పటికైన సంగీతము నేర్చుకొనవలెను" అను మాటలో తిథి లేదు, స్థలము లేదు, కర్త లేడు. "వచ్చు విజయదశమి నుండి మంగళ, శుక్రవారములు సాయంకాలము ఐదు గంటలకు మా వీధి చివరి మాస్టారు గారింట నేను పాఠమునకు కూర్చుందును" అనునదియే సంకల్పము.

చదువునే ఉదాహరణగా తీసికొందము. పెండ్లి వలన పదవ తరగతి మధ్యలో ఆగిన స్త్రీలు మన సభలలో ఎందరో. వారికి మార్గము చాలకాలముగా తెరచియే యున్నది. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ 1989లో నేషనల్ ఓపెన్ స్కూలుగా ఆరంభమైనది. పదవ తరగతి ఉత్తీర్ణతకు ఐదు సబ్జెక్టులు చాలును. ఒకమారు చేరిన ఐదేండ్లలోపల తొమ్మిది అవకాశములలో వానిని కొంచెము కొంచెముగా పూర్తిచేయవచ్చును. ఏడాదికి ఒక్క సబ్జెక్టు! ఆ పైన డిగ్రీకి, 1982లో స్థాపింపబడి దేశములో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయమైనది మన హైదరాబాదులోనే యున్నది. నేడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుచుచున్నది. పదవ తరగతియనగా భయపడు మనసు, ఈ సంవత్సరము తెలుగు ఒక్కటియే యనగా అంతగా భయపడదు.

వయసును గూర్చి చెప్పువారికి కేరళలోని అలప్పుళ జిల్లాకు చెందిన కార్త్యాయని అమ్మను చూపవలెను. బాల్యమున బడి ముఖము చూడక, కాయకష్టముతో బ్రతికిన ఆమె 2018లో తన 96వ యేట ఆ రాష్ట్రపు అక్షరాస్యతా పరీక్ష వ్రాసి నూటికి 98 మార్కులు తెచ్చుకొనెను. 2020లో రాష్ట్రపతి చేతులమీదుగ నారీశక్తి పురస్కారమును అందుకొని, 2023లో కన్నుమూసెను. పరీక్షాఫలితము వచ్చిన పిదప ఆమె కోరినది విశ్రాంతి కాదు, కంప్యూటరు నేర్చుకొనవలెనని! ఒక యొడ్డు చేరినవారికి మరియొక యొడ్డు కనబడును గాబోలు.

అంగదుని సందేహమును మరువరాదు. పోగలను, తిరిగి రాగలనా? మన లక్ష్యములలో ఈ రెండవ లెక్క వేయువారు అరుదు. సంగీతపు రుసుము ఎచటినుండి వచ్చును, ఆ గంటసేపు పొయ్యి దగ్గర ఎవరుందురు, మంచముపట్టిన అత్తగారికి మందు ఎవరిత్తురు? వీనికి సమాధానము ముందుగ ఇంటివారితో కూర్చుండి మాటలాడి నిశ్చయింపవలెను. హనుమంతుడును జ్ఞాపకము రాగానే ఇసుకమీదినుండి ఎగురలేదు. తన త్రొక్కుడునకు నేల ఆగదని చెప్పి, మహేంద్రగిరి శిఖరమును ఎన్నుకొని, దానిని ఎక్కెను.

లెక్క లేని సంకల్పమునకు రామకోటియే మంచి నిదర్శనము. రామకోటి వ్రాసి భద్రాచలమున సమర్పింతునని మ్రొక్కుకొన్నవారు అనేకులు. దినమునకు 108 నామములు వ్రాసినచో కోటి పూర్తియగుటకు 253 సంవత్సరములు పట్టును! వేయి వ్రాసినచో 10,000 దినములు, అనగా 27 సంవత్సరములకు పైన. మూడువేలు వ్రాసినచో తొమ్మిదేండ్ల రెండు మాసములలోపల ముగియును. నామమునకు మూడు సెకండ్ల చొప్పున అది దినమునకు రెండున్నర గంటల పని. ఈ లెక్క విని కొందరు కోటిని లక్షకు దించుకొందురు. దినమునకు 300 వ్రాసిన 334 దినములలో అదియు నిండును. గజుడు పది యోజనములని చెప్పినట్లే ఇదియు.

లెక్క వేయునప్పుడు సంవత్సరమునకు 365 దినములు వేయకుడు. జ్వరములు, పెండ్లిండ్లు, పురుడు, మైల, ప్రయాణములు తప్పవు. ఆశౌచదినములలో వ్రతము ఆగి, శుద్ధియైన పిదప మరల సాగుట మన పెద్దలే ఏర్పరచిన పద్ధతి. కనుక 300 దినములే వేసికొనుడు. మూడువేల చొప్పున ఏడాదికి తొమ్మిది లక్షలగును. కోటికి పదునొకండేండ్లు పైబడును. నేడు ఏబదియవ యేట నున్నవారు అరువది రెండవ యేటికి చేతిలో చివరి పుస్తకముతో భద్రాచలము బస్సు ఎక్కవచ్చును.