మీది ఏ గరికపాడు? ఒక ఇంటి పేరు కథ

ఈ ఎపిసోడ్‌లో ఇంటి పేర్లు ఎలా పుట్టాయో చూద్దాం. ఉదాహరణకి మా ఇంటి పేరే తీసుకుంటున్నా: గరికపాటి.

నాలుగేళ్ళ క్రితం మా అక్కకి మంచి సంబంధం వచ్చింది. అబ్బాయి ఇంటి పేరు కూడా గరికపాటే అని తెలియగానే నాన్న "అన్నాచెల్లెళ్ళ వరస అవుతారు" అని ఫోన్ పెట్టేశారు. అప్పటి నుంచి నాకొకటే డౌటు. ఇంటి పేరు ఒకటైతే వంశం కూడా ఒకటేనా?

హైదరాబాద్ నుంచి విజయవాడ హైవేలో వస్తుంటే తెలంగాణ దాటగానే, జగ్గయ్యపేటకి ముందు, గరికపాడు వస్తుంది. చెక్‌పోస్టు ఉన్న ఊరు. మొన్న సంక్రాంతికి అక్కడ ఆగి, టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన్ని "గరికపాటి వాళ్ళ ఇళ్ళు ఎక్కడండీ?" అని అడిగా. ఆయన నవ్వి, "ఊరంతా గరికపాడు వాళ్ళమే కదా బాబూ, ఎవరిల్లు చూపించమంటావ్?" అన్నాడు.

అసలు లాజిక్ అంతా ఆ మాటలోనే ఉంది. సొంతూళ్ళో ఉన్నంతకాలం ఊరి పేరు చెప్తే మనిషిని గుర్తుపట్టలేం. వేరే ఊరు వలస వెళ్ళాకే "ఆ గరికపాటి వాళ్ళు" అంటారు. అంటే ఇంటి పేరుగా మిగిలింది మనవాళ్ళు వదిలొచ్చిన ఊరన్నమాట.

మరి 'పాడు' కాస్తా 'పాటి' ఎందుకైంది? ఇది తెలుగు వ్యాకరణం. 'నాడు'కి 'నాటి', 'ఏరు'కి 'ఏటి' వచ్చినట్టే ఇదీ. ఏరు నీళ్ళు అనం, ఏటి నీళ్ళు అంటాం కదా! చిన్నయసూరి బాలవ్యాకరణంలో వీటిని ఔపవిభక్తికాలు అన్నారు. నండూరు వాళ్ళు నండూరి అయ్యిందీ ఇలాగే. ఇక్కడ 'పాడు' అంటే పాడుబడటం కాదు, ఊరు అని. గరిక అంటే వినాయకుడి పూజలో పెట్టే గడ్డే.

ఇప్పుడు అసలు పాయింటు. గరిక మొలవని నేల ఎక్కడుంది? అందుకే గరికపాడు కూడా ఒక్కటే లేదు. గుంటూరు జిల్లా తాడికొండ మండలంలో ఇంకోటి ఉంది. ఏ ఊరి నుంచి బయల్దేరినా, ఏ కులం వాళ్ళైనా, పేరు మాత్రం గరికపాటే. ప్రజానాట్యమండలి పెద్ద, 1953లో 'పుట్టిల్లు' సినిమా తీసిన డాక్టర్ రాజారావుగారూ గరికపాటే. 2022లో పద్మశ్రీ అందుకున్న అవధాని నరసింహారావుగారి ఇంటి పేరు గరికిపాటి, ఒక్క గుడి తేడా. అంతమాత్రాన అందరం చుట్టాలమని చెప్పలేం.

ఇంగ్లీషు వాళ్ళదీ ఇదే కథ. స్మిత్ అంటే కమ్మరి. ఊరూరా కమ్మరి ఉంటాడు కాబట్టి స్మిత్‌లందరూ ఒక ఇంటివాళ్ళు కారు. జార్జ్ వాషింగ్టన్ ఇంటి పేరైతే ఇంగ్లండ్‌లో పూర్వీకులు ఉన్న ఊరి పేరు.

అక్కకి వేరే చోట పెళ్ళైంది, హాయిగా ఉంది. ఆ రోజు నాన్న చేసింది తప్పని నేననను. గోత్రం కూడా కలిసిందేమో, ఎవరూ అడగలేదు. మొన్న ఇదంతా చెప్తే నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "వాళ్ళది ఏ గరికపాడో అడగాల్సిందిరా" అన్నారు.

మీ ఇంటి పేరులో ఏ ఊరుందో ఈ రోజే మీ తాతయ్యనో నాయనమ్మనో అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.