గ్రీకు మీట్‌బాల్స్, పాస్తా మన వంటింట్లో: అపోహలు – వాస్తవాలు

జనగామలోనైనా, మహబూబాబాద్‌లోనైనా, భూపాలపల్లిలోనైనా కిరాణా దుకాణంలో పాస్తా ప్యాకెట్ అడిగితే ఇప్పుడు ఎవరూ వింతగా చూడరు. ఆదివారం పొద్దున మటన్ దుకాణాల దగ్గర ఖీమా కొట్టించుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఈ రెండూ ఒకే పళ్లెంలోకి వచ్చే గ్రీకు వంట ఒకటుంది. దాని పేరు సుజుకాకియా. ఖీమాలో జీలకర్ర పొడి, నూరిన ఎల్లిగడ్డ, నానిన బ్రెడ్ కలిపి పిసికి, కోలగా ఉండలు చేసి వేయిస్తారు. తర్వాత టమాటా సాస్‌లో మెల్లగా ఉడికిస్తారు. గ్రీసులో దీన్ని ఎక్కువగా అన్నంతో తింటారు, పాస్తాతోనూ తింటారు.

ఈ మాట చెప్పగానే మన ఇళ్లలో రెండు జవాబులు వినిపిస్తాయి. ఆ తిండి మన నోటికి పట్టదని ఒకటి, ఓవెన్ లేనిదే కాదని ఇంకొకటి. రెండూ నిజం కాదు. మన దగ్గర ఈ వంట చెడిపోతే అది దినుసులు దొరకక కాదు. ఖీమా, పాస్తాల విషయంలో మనం ఏళ్లుగా నమ్ముతున్న కొన్ని మాటల వల్లే చెడిపోతుంది. వాటిలో కొన్ని రుచిని చెడగొడతాయి, కొన్ని ఆరోగ్యాన్ని చెడగొడతాయి.

అపోహ: గ్రీకు వంటలో మసాలా ఉండదు, చప్పగా ఉంటుంది.

సుజుకాకియాకు ప్రాణం జీలకర్ర. సాస్‌లో దాల్చిన చెక్క పడుతుంది. కొందరు లవంగం కూడా వేస్తారు. ఈ వంటను గ్రీసుకు తెచ్చింది స్మిర్నా నుంచి వచ్చిన శరణార్థులు. ఆ ఊరు ఇప్పుడు తుర్కీలోని ఇజ్మీర్. 1922లో స్మిర్నా తగలబడింది. 1923లో లొజాన్ ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ జనాన్ని మార్చుకున్నాయి. ఇల్లూ వాకిలీ వదిలి గ్రీసు చేరినవాళ్లు సుమారు 12 లక్షల మంది. వాళ్ల చేతి రుచి గ్రీసు వంటను మార్చేసింది. హైదరాబాద్ కోఫ్తా, ఇరాన్ కూఫ్తే, తుర్కీ కోఫ్తే, గ్రీకు కెఫ్తెదెస్ అన్నీ ఒకే కుటుంబం. కాబట్టి ఈ వంట మనకు పరాయిది కాదు.

ఇందులో లేనిది ఎర్ర కారం. అందుకే మనవాళ్లు రెండు చెంచాల కారం, గరం మసాలా, అల్లం ముద్ద వేసేస్తారు. అప్పుడది మామూలు ఖీమా కూర అవుతుంది. రంగు కావాలంటే మన దగ్గరే మంచి దారి ఉంది. ఉమ్మడి వరంగల్ జిల్లాలో పండే చపాట మిర్చికి ఘాటు తక్కువ, ఎరుపు ఎక్కువ. టమాటా మిరప అని కూడా అంటారు. దీనికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు కోసం రైతుల కంపెనీతో కలిసి పనిచేసింది మహబూబాబాద్ జిల్లా మల్యాలలోని ఉద్యాన పరిశోధన కేంద్రం. ఈ మిర్చి పొడి అర చెంచా చాలు, సాస్ నిండుగా ఎర్రబడుతుంది, జీలకర్ర వాసన చావదు.

అపోహ: ఇది అలెగ్జాండర్ కాలం నాటి వంట.

టమాటా పుట్టిల్లు అమెరికా ఖండం. ప్రాచీన గ్రీకులు దాన్ని చూసి ఉండరు. పాస్తా మీద ఖీమా, దాని మీద తెల్ల సాస్ పోసి కాల్చే పస్తీత్సియో ఇంకా కొత్తది. దానికి ఇప్పటి రూపం ఇచ్చినవాడు నికోలాస్ త్సెలెమెంతెస్ అనే వంటగాడు, ఇరవయ్యో శతాబ్దం మనిషి. స్పగెట్టి మీద పెద్ద మీట్‌బాల్స్ పెట్టే పద్ధతి కూడా గ్రీసుది కాదు, అమెరికాకు వలసపోయిన ఇటలీ కుటుంబాలది. వంటలు ప్రయాణిస్తూ మారుతూనే ఉంటాయి. మనం మటన్‌తో చేసుకున్నా తప్పేమీ లేదు. గ్రీకులు ఎక్కువగా గొడ్డు మాంసం, పంది మాంసం కలిపి వాడినా, గొర్రె మాంసంతో చేసుకునేవాళ్లు అక్కడా ఉన్నారు.

అపోహ: ఖీమాను నాలుగు నీళ్లతో కడిగితేనే శుభ్రం.

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఈ నమ్మకమే. జల్లెడలో ఖీమా వేసి, కుళాయి కింద పెట్టి, ఎర్ర నీళ్లు పోయేదాకా కడగడం మన ఇళ్లలో పాత అలవాటు. మాంసం ముక్కగా ఉన్నప్పుడు సూక్ష్మజీవులు ఎక్కువగా పైభాగంలోనే ఉంటాయి. ఖీమా కొట్టగానే పైభాగం లోపలికి, లోపలిది పైకి వచ్చి అంతటా కలిసిపోతాయి. ఇక ఎంత నీళ్లు పోసినా అవి పోవు. పైగా ఆ నీళ్లు చిట్లి సింకు మీద, పక్కనున్న కొత్తిమీర మీద, కోసి పెట్టిన కీరా మీద పడతాయి. కీరాను పచ్చిగానే తింటాం కదా, ప్రమాదం అక్కడ ఉంది.

రుచికీ నష్టమే. కడిగిన ఖీమా నీళ్లు పట్టుకుంటుంది, ముద్ద కట్టదు. నూనెలో వేయగానే ఉండ విచ్చిపోతుంది. అది చూసి శనగపిండి కలుపుతాం, దాంతో ఉండ గట్టిపడుతుంది. మొదటి తప్పును దిద్దబోయి రెండోది చేస్తాం.

కడగకుండా ఉండడానికి మనసు ఒప్పకపోతే, కొట్టించక ముందే, ముక్కగా ఉన్నప్పుడే మెల్లగా కడిగి, తడి లేకుండా తుడవమని దుకాణంలో అడగండి. తొడ, భుజం మాంసం తీసుకుని రెండుసార్లు కొట్టించండి. భూపాలపల్లిలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అంత వేడిలో ఖీమా గంటకు మించి బయట ఉండకూడదు. మామూలు రోజుల్లో రెండు గంటలు హద్దు. మండల కేంద్రం నుంచి ఊరికి తీసుకుపోయేవాళ్లు సంచిలో మంచు ముక్కలు పెట్టుకోవాలి. ఫ్రిజ్‌లో పెట్టినా ఒకటి రెండు రోజుల్లో వండేయాలి.

అపోహ: లోపల ఎరుపు పోతే ఉడికినట్టే.

రంగును నమ్మవద్దు. కొన్నిసార్లు ఖీమా తగినంత వేడెక్కక ముందే గోధుమ రంగుకు మారుతుంది. మేక, గొర్రె ఖీమా లోపల 71 డిగ్రీల సెల్సియస్, కోడి ఖీమా 74 డిగ్రీలు చేరాలి. థర్మామీటరు లేని ఇంట్లో సుజుకాకియా మరీ నయం. ఎందుకంటే ఉండలను వేయించడంతో పని అయిపోదు, బుడగలు వస్తున్న సాస్‌లో మూత పెట్టి అరగంటకు పైగా ఉడికిస్తాం. ఆ వేడి లోపలిదాకా చేరుతుంది. అదే కారణంగా కుక్కర్ అక్కర్లేదు. మటన్ ముక్కలకు కుక్కర్ కావాలి, నిజమే. కానీ ఖీమాలో నారలు అప్పటికే తెగి ఉంటాయి. కుక్కర్‌లో వేస్తే ఉండలు చితికిపోతాయి.

ఉప్పు సరిపోయిందో లేదో చూడడానికి పచ్చి ఖీమాను నాలుక మీద వేసుకునే అలవాటు కూడా మానాలి. చిటికెడు ముద్ద పెనం మీద కాల్చి తినండి, ఉప్పు తెలుస్తుంది.

అపోహ: కొవ్వు లేని ఖీమా, ఎక్కువ కోడిగుడ్లు ఉంటేనే ఉండ మంచిగా వస్తుంది.

ఉండను పట్టి ఉంచేది కోడిగుడ్డు ఒక్కటే కాదు. ఉప్పు వేసి పిసికితే మాంసంలోని ప్రొటీన్ కరిగి జిగురవుతుంది. గుడ్డు లేకుండా కూడా ఉండ నిలుస్తుంది. ఎక్కువ గుడ్లు వేస్తే రబ్బరులా సాగుతుంది. కొవ్వు పూర్తిగా తీసేస్తే ఉండ ఎండిపోతుంది. నూటికి 15 నుంచి 20 పాళ్లు కొవ్వు ఉంటే మెత్తగా వస్తుంది.

బ్రెడ్ కలిపితే మాంసాన్ని తక్కువ చేసినట్టని కొందరు నొచ్చుకుంటారు. బ్రెడ్ పని వేరు. అది మాంసం వదిలే రసాన్ని పీల్చుకుని లోపలే ఉంచుతుంది. అరకిలో ఖీమాకు రెండు పాత బ్రెడ్ ముక్కలు నీళ్లలోనో పాలలోనో నానబెట్టి, తడి పిండేసి కలపండి. ఒక చెంచా జీలకర్ర పొడి, మూడు ఎల్లిగడ్డ రెబ్బలు, ఒక చెంచా ఉప్పు, అర చెంచా మిరియాల పొడి, ఇష్టమైతే ఒక గుడ్డు వేయండి. గ్రీకులు బ్రెడ్‌ను తరచూ వైన్‌లో నానబెడతారు, మనకు అది అక్కర్లేదు. కలిపిన ముద్దను అరగంట ఫ్రిజ్‌లో ఉంచాక ఉండలు చేస్తే విరగవు.

అపోహ: ముందు వేయిస్తే రసం లోపలే బిగిసిపోతుంది.

పంతొమ్మిదో శతాబ్దంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ వల్ల ప్రచారంలోకి వచ్చిన మాట ఇది. తర్వాతి పరీక్షల్లో నిలవలేదు. వేయించిన మాంసం నుంచి కూడా రసం పోతూనే ఉంటుంది. వేయించేది రుచి కోసం. ఎర్రగా కాలిన పైపొర ఇచ్చే కమ్మదనాన్ని 1912లో ఫ్రాన్స్‌కు చెందిన మాయార్ వివరించిన రసాయన చర్య పుట్టిస్తుంది.

అపోహ: ఆలివ్ నూనెను వేడి చేయకూడదు. అది లేకపోతే ఈ వంట లేదు.

గ్రీకులు తరతరాలుగా ఆలివ్ నూనెలోనే వేయిస్తున్నారు. మంచి ఆలివ్ నూనె పొగ రావడానికి సుమారు 190 డిగ్రీలు దాటాలి. ఇంట్లో వేయించడానికి అంతకంటే తక్కువ వేడి చాలు. కానీ ఖర్చు పెట్టి కొనాలన్న నియమం ఏమీ లేదు. పల్లి నూనెలో వేయించి, చివర్లో ఒక చెంచా ఆలివ్ నూనె చల్లుకున్నా చాలు, చల్లకపోయినా వంట ఆగదు.

అపోహ: ఓరెగానో అంటే మన వామే.

కాదు, వామును కొత్తిమీర, జీలకర్రల కుటుంబంలో లెక్కిస్తారు. ఓరెగానో తులసి, పుదీనాల వైపు మొక్క. తొట్లలో పెంచుకునే మందపాటి వాము ఆకు కూడా అటువైపుదే. వాసనలు దగ్గరగా ఉండడానికి కారణం వాటిలోని థైమాల్, కార్వక్రాల్ అనే పదార్థాలు. ఓరెగానో దొరకకపోతే సన్నగా తరిగిన వాము ఆకు ఒకటి చాలు, వాము గింజలు వేస్తే మందు వాసన వస్తుంది. అసలు సుజుకాకియాకు ఓరెగానో అవసరమే లేదు. బిర్యానీ ఆకు విషయంలోనూ ఇలాగే పొరబడతాం. గ్రీకులు వాడే ఆకు వేరే చెట్టుది. కానీ మన ఆకుకు దాల్చిన చెక్క వాసన ఉంటుంది కనుక ఈ సాస్‌లో బాగా కలుస్తుంది.

సాస్ కోసం సీసా కెచప్ వద్దు. అరకిలో పండిన టమాటాలను అడ్డంగా కోసి తురుముపీట మీద తురిమితే తొక్క చేతిలో మిగులుతుంది. ఉల్లిగడ్డ వేయించి, తురుము పోసి, దాల్చిన చెక్క ముక్క వేసి, నూనె పైకి తేలేదాకా ఉడికించండి. పులుపు ఎక్కువైతే చిటికెడు చక్కెర వేయండి.

అపోహ: పాస్తా అంతా మైదా. నూనె వేసి ఉడికించి, చల్లటి నీళ్లతో కడగాలి.

అసలు పాస్తాను డ్యూరమ్ అనే గట్టి గోధుమ రవ్వతో చేస్తారు. మన మార్కెట్లో అన్నీ అలా ఉండవు. ప్యాకెట్ వెనక చదివి కొనండి. నూనె నీళ్ల పైనే తేలుతుంది, అంటుకోవడాన్ని ఆపదు. వార్చేటప్పుడు పాస్తాకు పట్టి, సాస్‌ను అంటనివ్వదు. అంటుకోకుండా ఉండాలంటే మొదటి రెండు నిమిషాలు కలుపుతూ ఉండాలి. చల్లటి నీళ్లతో కడిగితే పైనున్న పిండి పదార్థం పోతుంది, సాస్‌ను పట్టేది అదే. చల్లటి సలాడ్ కోసమైతే కడగవచ్చు, ఈ వంటకు వద్దు.

నలుగురికి 250 గ్రాముల పాస్తా, రెండున్నర లీటర్ల నీళ్లు, 25 గ్రాముల ఉప్పు సరిపోతాయి. సేమియాలా మెత్తబడేదాకా ఉంచకండి. ప్యాకెట్ మీది సమయానికి ఒక నిమిషం ముందే దించి, ఒక గ్లాసు గంజి దాచి, మిగతాది వార్చండి. ఆ గంజి కొంచెం పోసి పాస్తాను సాస్‌లో నిమిషం తిప్పితే రెండూ కలిసిపోతాయి.

అపోహ: పెరుగూ మాంసమూ కలిపి తినకూడదు. పనీర్ వేస్తే ఫెటా అయిపోతుంది.

బిర్యానీ మాంసాన్ని పెరుగులోనే నానబెడతాం, పెరుగు చట్నీతోనే తింటాం. గ్రీకులు ఈ ఉండల పక్కన పెట్టుకునే త్సాత్సికి కూడా వడగట్టిన పెరుగు, కీరా, ఎల్లిగడ్డల పచ్చడే. పాలు పడనివాళ్ల సంగతి వేరు.

ఫెటా మాత్రం వేరే జున్ను. కనీసం 70 శాతం గొర్రె పాలు, మిగతాది మేక పాలు, ఉప్పునీళ్లలో ఊరడం దాని లక్షణాలు. 2002లో ఐరోపా సమాఖ్య ఆ పేరును గ్రీసుకే కేటాయించింది. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో ఉంది, సుమారు కోటీ 90 లక్షలు. కానీ మనం గొర్రెలను పెంచేది మాంసానికి, పాడికి కాదు. పనీర్‌కు ఉప్పు, నిమ్మరసం పట్టించి చల్లుకోండి. అది ఫెటా కాదు, అయినా బాగుంటుంది. ఏ జున్నూ లేకుండా తిన్నా లోటు లేదు.

ఓవెన్ సంగతి ఒక్క ముక్కలో చెప్పవచ్చు: పస్తీత్సియోకు కావాలి, సుజుకాకియాకు ఒక మూకుడు, మూత ఉన్న గిన్నె చాలు.

మిగిలిన ఉండలను రాత్రంతా పొయ్యి మీద వదిలేయకండి. రెండు గంటల్లో ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు నాలుగు రోజుల్లో తినేయండి, తినే ముందు సాస్ బాగా మరిగేదాకా వేడి చేయండి. ఇంట్లో గర్భిణులు, పసిపిల్లలు, ముసలివాళ్లు ఉంటే సగం ఉడికిన ఖీమా వాళ్ల నోటి దాకా పోనివ్వకండి.