జారే కారుకు కళ్లెం
మూసాపేట : (మా విలేఖరి)

తొలకరి జల్లు పడిన రోజున మూసాపేట మీదుగా కూకట్‌పల్లి వైపు పోయే 65వ నంబరు జాతీయ రహదారిపై అనుభవం గల డ్రైవర్లు వేగం తగ్గిస్తారు. రోడ్డుపై పేరుకున్న దుమ్ము, ఆయిలు వాన నీటిలో కలిసి జారుడుగా మారతాయి. నడుమ మెట్రో స్తంభాలు, పక్కన బస్సులు, ఆటోలు. ఎవరైనా హఠాత్తుగా అడ్డు వస్తే డ్రైవరు స్టీరింగు ఒక్కసారిగా తిప్పుతాడు. అప్పుడు కారు చెప్పిన మాట వినకపోతే?

ఆ క్షణంలో ఆదుకునే ఏర్పాటు ఒకటి ఉన్నది. దాని పేరు ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్. పొట్టిగా ఇ.ఎస్.సి. కొన్ని కంపెనీలు ఇ.ఎస్.పి. అంటాయి. పల్లెల నుంచి వెళ్లి సైబరాబాద్ కంపెనీలకు కార్లు నడిపే యువకులు, పాత కారు కొనదలచిన రైతులు దీని సంగతి తెలుసుకోవడం మంచిది.

ఎడ్లబండి కిటుకే

ఎడ్లబండిని కుడికి తిప్పాలంటే కుడి ఎద్దు పగ్గం బిగబట్టి, ఎడమ ఎద్దును అదిలిస్తాం. ఏ పక్క నిలేస్తే బండి ఆ పక్కకే తిరుగుతుంది. ఈ యంత్రం చేసేదీ అదే.

స్టీరింగు ఎంత తిరిగిందో ఒక పరికరం చూస్తుంది. ఒక్కొక్క చక్రం వేగాన్ని, కారు నిజంగా ఎటు తిరుగుతున్నదీ మరికొన్ని కనిపెడతాయి. డ్రైవరు కోరిన దారికీ, కారు పోతున్న దారికీ తేడా వస్తే, కాలు పెట్టకుండానే ఒక్క చక్రానికి బ్రేకు పడుతుంది. అవసరమైతే ఇంజను జోరు కూడా తగ్గుతుంది.

కుడి మలుపులో కారు తోక ఎడమకు విసిరితే ముందరి ఎడమ చక్రాన్ని పట్టుకుంటుంది. కారు తిరగకుండా సూటిగా పోతుంటే వెనుక కుడి చక్రాన్ని పట్టుకుంటుంది. డ్రైవరు ఎంత నేర్పరి అయినా అతని కాలి కింద ఉన్నది ఒక్క బ్రేకే. నాలుగు చక్రాలను విడివిడిగా పట్టడం అతని తరం కాదు.

బోల్తా నేర్పిన పాఠం

1995లో బెంజి కారులో ఇది మొదటిసారి వచ్చింది. బాష్ కంపెనీ దాని తయారీలో భాగస్వామి. మన రోడ్లపై గేదె అడ్డు వచ్చినట్లే స్వీడన్‌లో పెద్ద దుప్పులు వస్తాయి. వాటిని తప్పించే తీరున 1997లో అక్కడి పత్రిక వారు పరీక్షించగా బెంజి వారి చిన్న కారు ఎ-క్లాస్ బోల్తా కొట్టింది. ఆ తర్వాత కంపెనీ ఆ రకం కార్లన్నిటికీ ఈ పరికరం బిగించింది. మన దేశంలో 2023 అక్టోబరు 1న అమలులోకి వచ్చిన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో మూడు నక్షత్రాలు, ఆపైన రావాలంటే ఇది ఉండాలి.

కొనేముందు చూడండి

ఎ.బి.ఎస్. ఉంటే ఇదీ ఉన్నట్లే అనుకోరాదు. ఎ.బి.ఎస్. బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూస్తుంది. ఇది బ్రేకు వేయకున్నా పనిచేస్తుంది. ఇ.ఎస్.సి. ఉన్న కారులో తాళం తిప్పగానే జారుతున్న కారు బొమ్మ గల పసుపు దీపం వెలిగి ఆరిపోవాలి. ప్రయాణంలో మిణుకుమంటే పని చేస్తున్నదని అర్థం. ఆరకుండా వెలుగుతూనే ఉంటే మెకానిక్కుకు చూపించాలి.

ఔటర్ రింగు రోడ్డుపై 2023లో వేగ పరిమితిని 120 కిలోమీటర్లకు పెంచారు. అంత వేగంలో అరిగి నున్నబడిన టైర్లకు ఏ కంప్యూటరూ పట్టు తెచ్చిపెట్టలేదు. కళ్లెం ఎంత గట్టిదైనా గుర్రం కాళ్లు నేలపై ఆనాలి కదా! వానకు ముందే టైర్లు చూసుకోండి.